ముప్ఫై రెండు నట్లు

వెర్లన్ టీగ్ అరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఎవరినీ ఏదీ అడిగిన పాపాన పోలేదు. హ్యాక్‌బెర్రీ ఊళ్లో ఏ గుమ్మం ముందు నిలబడి వాకబు చేసినా ఇదే చెబుతారు. మనిషి మంచివాడు, చేతిలో పనితనం ఉంది, కానీ ఆ నోరు! ఎదుటివాళ్లు ఏం చెప్పినా "మంచిదేగా" అంటాడు. గోధుమ బాగా పండిందన్నా మంచిదేగా, పిల్లలు డల్లాస్‌లో ఇల్లు కొన్నారన్నా మంచిదేగా. ఓసారి పాస్టరుగారు కిడ్నీలో రాయి ఉందని బాధపడుతూ చెబితే, అలవాటు కొద్దీ "మంచిదేగా" అనేసి, సిగ్గుతో రెండు ఆదివారాలు చర్చి వైపు వెళ్లలేదు.

ధాన్యం నిలవచేసే ఎత్తైన గాదెల వెనక వాళ్ల నాన్న వేసిన రేకుల షెడ్డులోనే టైర్ల షాపు. నాన్న భుజం పడిపోయినప్పుడు వెర్లన్‌కి పంతొమ్మిదేళ్లు. తోటివాళ్లు చమురు బావుల పనికో, పట్నాలకో పోతుంటే వాళ్ల బళ్లకి టైర్లు బిగించి పంపించాడు. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి రెండేళ్లపాటు ఏదో ఒక వంకతో షాపుకి వచ్చిపోయి, విసిగి, చమురు బావుల మనిషిని పెళ్లి చేసుకుంది. పెళ్లి కారుకి గాలి కొట్టింది కూడా వెర్లనే. ఆ తర్వాత మంచాన పడ్డ తల్లిని చూసుకున్నాడు. ఆమె పోయేసరికి నలభై ఆరు దాటాయి. వెర్లన్ అక్క డెల్మ తన భర్త పోయాక షాపు బల్ల వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. షాపులో మాట్లాడే పనంతా ఆవిడదే.

తల్లి పోయిన మరుసటి మార్చిలో ఆర్డిత్ కోబుల్ వచ్చింది.

ఆ రోజు గాలి ఎంత ఉధృతంగా ఉందంటే బయట పెట్టిన బోర్డు రోడ్డు దాటి పోయింది. ఆ దుమ్ములోంచి ఒక తెల్ల పికప్ ట్రక్ వచ్చి ఆగింది. ముందు రెండు చక్రాలు, వెనక పక్కకి రెండేసి చొప్పున నాలుగు. గుర్రాల ట్రైలర్‌ని లాక్కెళ్లే బండి. లోపలినుంచి ఎండకి కమిలిన సన్నపాటి మనిషి దిగి, టోపీ ఎగిరిపోకుండా నెత్తిన చెయ్యి అదిమిపట్టి అరిచింది.

"ఏవయ్యా! ఆరు చక్రాల బండికి టైర్లు మార్చి వేయడం ఇక్కడ ఎవరికైనా తెలుసా, లేక నన్ను అమరిల్లో పట్నం దాకా తిప్పుతారా?"

"తెలుసండి," అన్నాడు వెర్లన్.

"తెలుసంటే? చేస్తావా, తెలుసుకుని ఊరుకుంటావా?"

బల్ల వెనక డెల్మ పకపకా నవ్వింది. ఇన్నాళ్లకి తన తమ్ముడికి సరిజోడు తగిలిందని ఆవిడకి ఆ నిమిషంలోనే అనిపించిందట. తర్వాత ఊరంతా చెప్పింది.

మామూలు బండికైతే టైర్లు సమంగా అరగడానికి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చేసి కాఫీ తాగడానికి పోవచ్చు. ఈ బండితో అలా కుదరదు. వెనక పక్కపక్కనే ఉండే రెండు టైర్లూ ఒకే ఎత్తు ఉండాలి. ఒకటి కాస్త అరిగి రెండోది అరగకపోతే, బరువంతా పెద్దదాని మీద పడి అది వేడెక్కి పేలుతుంది. ఆరింటినీ దించి, ఒక్కోదాని చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఏది దేనికి జతో చూసుకుని, ముందువి వెనక లోపలికి, లోపలివి బయటికి, బయటివి ముందుకి వేయాలి. లోపలి టైరుకి గాలి కొట్టే ముక్కు బయటి చక్రం కన్నంలోంచి చేతికందేలా తిప్పి పెట్టాలి. ఇది మరిచి బిగించిన మెకానిక్‌ని డ్రైవర్లు తిట్టే తిట్లు ఇక్కడ రాయడానికి లేదు. వెర్లన్ ఏదీ మరవలేదు. పైగా చక్రం కూర్చునే చోట తుప్పంతా ఇనప బ్రష్షుతో రుద్ది తళతళలాడించాడు. అది ఎవరూ అడగని పని.

ఆర్డిత్ ఆ రెండు గంటలూ మడత కుర్చీలో కూర్చుని అతనికి కథలు చెప్పింది. జనాల గుర్రాలని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి చేర్చడం ఆమె బతుకుతెరువు. మొగుడు ఎప్పుడో ఇంకెవరితోనో అరిజోనా పోయాడు. "మంచి గుర్రాన్ని కూడా తీసుకుపోయాడు, దానికే ఏడ్చాను," అంది. ఊరికి పదకొండు మైళ్ల దూరంలో చిన్న ఇల్లు కొనుక్కుని దిగింది.

పని అయిపోయింది. వెనక జంట చక్రాలు రెండింటికీ కలిపి ఒకే వరస నట్లు కాబట్టి, నాలుగు చోట్లా ఎనిమిదేసి చొప్పున ముప్ఫై రెండు నట్లు బిగించాడు. ఇక్కడే వెర్లన్ తన జన్మలో ఎన్నడూ చేయని పని చేశాడు. చక్రాలు ఊడదీసి బిగించిన బండిని కొన్ని మైళ్లు నడిపాక నట్లు కాస్త సర్దుకుని వదులవుతాయి, మళ్లీ బిగించాలి. ఇది ఈ మైదానంలో పాలు పితికే ముసలమ్మకి కూడా తెలుసు. ఎవరి బండి వాళ్లే ఇంటి దగ్గర బిగించుకుంటారు. షాపు రసీదు మీద కూడా అదే అచ్చు వేసి ఉంది. వెర్లన్ మాత్రం ఆమెతో, నేలచూపులు చూస్తూ, "వంద మైళ్లు నడిపాక తీసుకురండి. నేనే చూస్తాను," అన్నాడు.

డెల్మ చేతిలో రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

ఆర్డిత్ అతన్ని ఎగాదిగా చూసింది. "సరే. వస్తాను," అంది.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. కాగితంలో చుట్టిన వేడివేడి గుడ్డు రొట్టెలు మూడు తెచ్చింది. వెర్లన్ పొడుగాటి పానా తీశాడు. కావలసిన బిగువు ముందే పెట్టుకుంటే, అక్కడికి రాగానే టిక్కుమని చెప్పే పానా అది. మొదటి నట్టు మీద పెట్టి నొక్కాడు. టిక్. నట్టు వెంట్రుకవాసి కదల్లేదు. రెండోది, టిక్. ముప్ఫై రెండూ అంతే. వెర్లన్ ఆశ్చర్యపోయాడు. ఎంత బాగా బిగించినా ఏదో ఒకటి రవ్వంత జరగాలి. ఆ ఇనప బ్రష్షు పని వృథా పోలేదనుకుని లోలోపల పొంగిపోయాడు.

"ఒక్కటీ కదల్లేదండి," అన్నాడు.

"నీ చేతి మహిమ," అంది ఆర్డిత్.

అది మొదలు పద్నాలుగేళ్లు. ఆరువేల మైళ్లకి ఒకసారి టైర్లు మార్చాలి కాబట్టి, ఆమె తిరుగుడుకి ఆరేడు వారాలకోసారి వచ్చేది. మర్నాడో మూడోనాడో నట్లు చూపించుకోవడానికి మళ్లీ వచ్చేది. ఆ రెండు రోజుల కోసమే వెర్లన్ మిగతా రోజులు బతికేవాడు. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న ఎర్రమట్టి గీరుతూ ఓక్లహోమా వెళ్లొచ్చిందనుకునేవాడు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు చారలు చూస్తే వయోమింగో, మోంటానానో. అమరిల్లో దాటి పోవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. ఆమె తిరిగిన నేలంతా గోరుతో గీకి తీస్తూ, ఒక్కసారైనా ఆ పక్క సీట్లో కూర్చుని అదంతా చూస్తే ఎంత బావుంటుందో అని మనసు కొట్టుకుపోయేది. బ్లేడులాంటి మాటలు మాట్లాడుతుంది, ఆ మాటల కోసమే చెవులు కోసుకునేవాడు.

"మనసులో ఉంది చెప్పరా," అనేది డెల్మ. "ఆవిడేం కరుస్తుందా?"

"కాదంటే?"

"కాదంటే ఏమవుతుంది? కాదంటుంది."

"వేరే షాపుకి పోతుందక్కా."

అదీ వెర్లన్ భయం. అడిగితే, ఆమె కాదంటే, మొహమాటపడి ఇంకో ఊళ్లో టైర్లు మార్పించుకుంటుంది. ఉన్న రెండు రోజులూ పోతాయి. అందుకని నోట్లో మాట నోట్లోనే మింగి, నట్లు చూసి, "ఒక్కటీ కదల్లేదండి," అని పంపేసేవాడు. ఏటా ఎనిమిది సార్లు అదే మాట! విన్నవాళ్లకి చిరాకు పుట్టదూ?

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఆర్డిత్ కర్ర ఊతంతో బండి దిగింది. ఏనాటి గుర్రపు తాపో, తుంటి పూర్తిగా అరిగిపోయిందట. వెర్లన్ జాకీ వేసి, వెనక చక్రాలు తీస్తున్నాడు.

"ఈసారి శ్రద్ధగా చెయ్యి వెర్లన్," అంది. "బండి అమ్మేస్తున్నాను. కొనుక్కునేవాడికి టైర్లు సమంగా ఉన్న బండి ఇవ్వాలిగా."

వెర్లన్ చెయ్యి నట్టు మీదే ఆగిపోయింది.

"నెలాఖరుకి ఇల్లూ ఖాళీ చేస్తాను. ఐడాహోలో మా తమ్ముడున్నాడు, రమ్మంటున్నాడు. ఇక ఈ గాలి పడలేను."

అప్పుడు వెర్లన్ ఏమన్నాడో చెప్పడానికే నోరు రావడం లేదు. "మంచిదేగా," అన్నాడు.

ఆ రోజు ఆర్డిత్ కథలేవీ చెప్పలేదు. పని పూర్తయ్యాక, "వంద మైళ్ల తర్వాత తేవాలా?" అని అడిగింది.

"తీసుకురండి," అన్నాడు వెర్లన్.

ఆమె వెళ్లగానే డెల్మ బల్ల మీద చరిచింది. "మంచిదేగా! మంచిదేగానా! ఒరేయ్, నీకు నాలుక ఉందా, అరిగిన టైరు ముక్క ఉందా? రేపు ఆవిడ వస్తుంది. 'వెళ్లకు' అని ఒక్క మాట అను. పెళ్లాడమనక్కర్లేదు, పాట పాడక్కర్లేదు. వెళ్లకు! అంతే!"

"అంటాను," అన్నాడు వెర్లన్.

"ఒట్టు?"

"ఒట్టక్కా."

మర్నాడు నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాని మీద ఆయిలు మరకలున్న కోటు వేసుకోవాలో వద్దో తేలక మూడుసార్లు వేసి తీశాడు. ఖర్మ కొద్దీ ఆ రోజే డెల్మ పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి పోవలసి వచ్చింది. పోతూ పోతూ దవడ పట్టుకునే, "ఒట్టేశావు," అని వేలు చూపించింది.

ఆర్డిత్ పదింటికి వచ్చింది. వెర్లన్ పానా తీసుకుని ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు. ఒక్కో నట్టుకీ మనసులో మాట సిద్ధం చేసుకుంటున్నాడు. వెళ్లకండి. టిక్. మీరు లేకపోతే నాకేం తోచదు. టిక్. ఇక్కడే ఉండొచ్చుగా, ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. టిక్. ఎన్నడూ లేనంత నెమ్మదిగా చూశాడు. ముప్ఫై రెండోది టిక్కుమంది. లేచి నిలబడ్డాడు. ఆమె కర్ర మీద రెండు చేతులూ వేసి, అతని మొహంలోకే చూస్తోంది.

పద్నాలుగేళ్లుగా ఆ నోటికి అలవాటైన మాటే బయటికి వచ్చింది.

"ఒక్కటీ కదల్లేదండి."

"కదలదులే," అంది ఆర్డిత్. మెల్లగా బండి ఎక్కింది. ఎక్కి, వెంటనే వెళ్లిపోలేదు. ఇంజను వేసుకుని అలాగే కూర్చుంది. వెర్లన్ షెడ్డు గుమ్మంలో నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు. అలా చాలాసేపు గడిచాక బండి కదిలి గాదెల పక్కనుంచి మలుపు తిరిగింది.

డెల్మ అతనితో పదిరోజులు మాట్లాడలేదు. మాట్లాడే మనిషి మౌనం పడితే షాపు శ్మశానంలా ఉండేది.

మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. ఆరు వారాలైంది, ఏడు వారాలైంది. రోడ్డు మీద తెల్ల పికప్ ఏది కనబడినా వెర్లన్ చేతిలో పని ఆపి చూసేవాడు. తిండి సయించేది కాదు. తను ఎంత పెద్ద మూర్ఖుడో తనకే తెలిసివచ్చింది. పోనీ ఫోన్ చేద్దామంటే ఏమని చేయాలి? అడగాల్సినప్పుడు అడగనివాడు, ఆమె గడప దాటి పోయాక అడగడానికి ఏ మొహం పెట్టుకుంటాడు?

ఆగస్టులో ఆ బండే వచ్చింది.

తోలుతున్నది రోయ్స్ పెటీ అని గడ్డి మోపులు తోలే మనిషి, యాభై ఏళ్లవాడు, నడుముకి పట్టీ బిగించుకుని ఉన్నాడు. "ఆవిడ దగ్గర కొన్నాను," అన్నాడు. "టైర్లు మార్పిస్తే ఈ షాపులోనే మార్పించు అని మరీ చెప్పింది."

వెర్లన్ జాకీ వేశాడు. ఆరు చక్రాలూ దించాడు, కొలిచాడు, జతలు కలిపాడు, బిగించాడు. ఇనప బ్రష్షు కూడా వేశాడు, చెయ్యి ఊరుకోక. చివర్లో, "వంద మైళ్లు నడిపాక నట్లు బిగించుకోండి," అన్నాడు.

"యాభైకే బిగిస్తాను," అన్నాడు రోయ్స్. "ఆవిడ అలాగే చేసేదట. పానా కూడా బండితోపాటే ఇచ్చింది." సీటు కిందనుంచి ఒక పొడుగాటి పానా లాగాడు. టిక్కుమనే రకమే. పిడి దగ్గర రబ్బరు అరిగి మెరుస్తోంది, వాడీ వాడీ.

"ఎప్పుడు చేసేదట?" అన్నాడు వెర్లన్.

"టైర్లు మార్పించిన ప్రతిసారీనూ. పశువుల దొడ్డి దాటాక తెల్ల చర్చి లేదూ? ఇక్కడికి సరిగ్గా యాభై మైళ్లు. అక్కడ ఆపి తనే బిగించుకుని, మళ్లీ యాభై వెనక్కి వచ్చేదాన్ని అంది. పని లేని రోజున కూడా పనిగట్టుకుని తిరిగేదట. ఎందుకమ్మా అంటే నవ్వి ఊరుకుంది. ఏం, బండిలో ఏమైనా లోపమా?"

వెర్లన్ అక్కడే పేర్చి ఉన్న టైర్ల మీద కూలబడ్డాడు. ఒక్క నట్టూ కదలకపోవడం తన చేతి మహిమ అనుకున్నాడు. పద్నాలుగేళ్లు గర్వపడ్డాడు. ఆమె బిగించేసినవే తను మళ్లీ బిగించాడు. వంద మైళ్లు ఉత్తపుణ్యాన తిరిగి, చూపించుకోవలసిన అవసరమే లేని బండిని చూపించుకోవడానికి, వేడి రొట్టెలు పట్టుకుని వందసార్లకు పైగా వచ్చింది. ప్రతిసారీ తను ఆమెకి నట్ల సంగతి చెప్పి పంపించాడు.

"అక్కా," అన్నాడు. "నంబరు."

డెల్మ ఆర్డిత్ నంబరు రాసి ఉన్న కార్డు తీసి ఫోన్ పక్కన పెట్టింది. రేడియో కట్టేసింది.

నాలుగోసారి మోగాక ఎత్తారు.

"ఎవరూ?"

వెర్లన్ ఊపిరి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"వెర్లనేనా?" అంది ఆర్డిత్. "ఫోన్ చేసి ఇంతసేపు ఉలకనివాడు నువ్వు తప్ప ఇంకెవరుంటారు?"

"మీ బండి వచ్చిందండి. పానా చూశాను."

అటునుంచి కుర్చీ లాక్కున్న చప్పుడు వినపడింది.

"ఎప్పటినుంచి బిగించుకుంటున్నారు?"

"మొదటిసారినుంచీ. పాతికేళ్లు గుర్రాలు తోలినదాన్ని, నట్టు బిగించుకోవడం రాదనుకున్నావా?"

"మరెందుకొచ్చేవారు?"

"ఎందుకొచ్చేదాన్నా!" ఆర్డిత్ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. "రమ్మన్నావు, వచ్చాను. ఆ తర్వాత మాట నువ్వంటావేమో అని వచ్చాను. ఆఖరిరోజు ఆ బండిలో అరగంట కూర్చున్నాను వెర్లన్. నువ్వేమో గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకున్నావు. ఒక్క మాట అంటే ఇంజను ఆపేసేదాన్ని. ఎంత కోపం వచ్చిందో తెలుసా? మూడు రాష్ట్రాలు తిట్టుకుంటూ వచ్చాను."

వెర్లన్ కళ్లవెంట నీళ్లు ధారకట్టాయి. తుడుచుకోలేదు.

"ఇప్పుడింకేం ఉంది," అంది ఆమె. "ఇల్లు అమ్మేశాను. వచ్చే నెల తుంటికి ఆపరేషను. ఎందుకు చేసినట్టు ఫోను?"

"వెళ్లకు, ఆర్డిత్."

"ఏమిటీ?"

"వెళ్లకు."

"పిచ్చివాడా, వచ్చేసి అయిదు నెలలైంది. ఇంకెక్కడికి వెళ్లొద్దంటావు?"

"తెలుసు. అయినా చెబుతున్నాను. ఆ రోజు అనాల్సింది, అనలేకపోయాను. నువ్వు లేకపోతే నాకు దిక్కు తోచదు. వెళ్లకు."

ఆమె పెట్టేసిందేమో అనుకుని డెల్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రోయ్స్ పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇంకోసారి అను," అంది ఆర్డిత్.

వెర్లన్ అన్నాడు. ఆమె అడగకుండానే మళ్లీ అన్నాడు.